పేరు లేని వేషం: రాబోయే సీమ సిరీస్‌ల గురించి



పోయిన వారం డీకేటీ పట్టాల గురించి రాస్తానని మాటిచ్చాను. అది వచ్చే వారానికి జరుపుతున్నా. మధ్యలో ఒక సంగతి జరిగింది. రాయకపోతే నిద్ర పట్టేలా లేదు.

కర్నూల్లో ఎస్సీ హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్న తమ్ముడొకడు నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. పక్క ఊళ్ళో ఏదో వెబ్ సిరీస్ షూటింగ్ జరుగుతోందంట. "లోకల్ మొహాలు" కావాలని మనుషుల్ని ఏరుకుంటున్నారంట. నల్లగా, బక్కగా, గడ్డం పెరిగి ఉంటే చాలు. రోజుకు ఎనిమిది వందలు, మధ్యాహ్నం బిర్యానీ. వీడు సంబరంగా పోయాడు. పంచె కట్టించి, తలకు తువ్వాల చుట్టించి, చేతిలో వేటకొడవలి పెట్టి నిలబెట్టారు.

"నా క్యారెక్టర్ పేరేంది సార్ అని అడిగినా అన్నా."

"ఏమన్నారు?"

"రెండో ఎపిసోడ్‌లో సచ్చిపోతావ్, నీకు పేరెందుకన్నారు."

వాడు నవ్వుతూనే చెప్పాడు. నేనూ నవ్వాను. వాడు పోయిన తర్వాత చాలాసేపు అట్లనే కూర్చున్నా. ఎందుకంటే ఆ అసిస్టెంట్ డైరెక్టర్ ఎవరో గానీ, పాతికేళ్ళ తెలుగు సినిమా చరిత్రను ఒక్క మాటలో చెప్పేశాడు. రాయలసీమ కథలో మనకు కొడవలి ఇస్తారు, చావు ఇస్తారు. పేరు మాత్రం ఇవ్వరు.

ఇప్పుడు ఓటీటీ కాలం. సీమ మీద, సీమ రాజకీయాల మీద సిరీస్‌లు వచ్చాయి, ఇంకా వస్తాయి. మన విద్యార్థుల గ్రూపుల్లో ట్రైలర్లు తిరుగుతాయి. "అన్నా, ఈసారి మన సీమను కరెక్టుగా చూపిస్తారంట" అని మెసేజీలు పెడతారు. మీ ఆశను పాడుచేయాలని లేదు. ఇంకా రాని దాన్ని బాగాలేదని చెప్పేంత మూర్ఖుణ్ణి కూడా కాను. నటన బాగుండొచ్చు, కెమెరా బాగుండొచ్చు. అయితే వాటిల్లో ఏముంటుందో తెలియకపోయినా, ఏముండదో మాత్రం ఇప్పుడే చెప్పగలను. ఆ లెక్క తప్పితే నాకంటే సంతోషించేవాడు ఉండడు.

మంచి ఉదాహరణే తీసుకుందాం. చెత్తదాన్ని తిట్టడం సులువు. 2025 ఆగస్టులో సోనీ లివ్‌లో 'మయసభ' వచ్చింది. దేవా కట్టా తీశాడు. 'ప్రస్థానం', 'రిపబ్లిక్' తీసిన మనిషి, రాజకీయాన్ని ఆలోచించి తీసేవాడు. కాకర్ల కృష్ణమ నాయుడుగా ఆది పినిశెట్టి, ఎం.ఎస్. రామిరెడ్డిగా చైతన్య రావు. పేర్లు మార్చినా ఎవరి కథలోంచి పుట్టిందో చూసినవాళ్ళందరికీ తెలుసు. ఒకాయన చంద్రగిరి నుంచి, ఇంకొకాయన పులివెందుల నుంచి 1978లో ఒకేసారి అసెంబ్లీకి పోయారు. ఇద్దరూ సీమ బిడ్డలే, ఒకప్పుడు స్నేహితులే. కథకు ఇంతకంటే ఏం కావాలి? బాగానే తీశారు. మిగతావాళ్ళలా కులాన్ని తువ్వాల కింద దాచలేదు కూడా.

కానీ ఆ కులం ఎవరి కులం? గద్దె ఎక్కిన కులమూ, గద్దె కోసం పోటీపడే కులమూ. ఈ రెండు మూడు పేర్ల మధ్య నడిచే పంచాయితీనే తెలుగునాట "కుల రాజకీయం" అంటారు. ఓట్లేసి, జెండాలు మోసి, కేసులు మీదేసుకున్న కులాలు ఆ మాటలోకి రావు. కథ ఇంకా మిగిలే ఉంది కాబట్టి తర్వాతి సీజన్ కోసం జనం ఎదురుచూస్తున్నారు. అందులోనూ ఇద్దరు పెద్దమనుషులు ఎదురెదురుగా కూర్చుని గొప్ప డైలాగులు చెప్పుకుంటారు. వాళ్ళ వెనకాల తలుపు దగ్గర నిలబడినవాడు ఏ వాడ నుంచి వచ్చాడో ఎవరూ అడగరు. నా భయం అది.

ఈ భయం ఊరికే రాలేదు. 1997లో 'ప్రేమించుకుందాం రా' వచ్చింది. 1999లో 'సమరసింహారెడ్డి', 2001లో 'నరసింహనాయుడు', 2002లో 'ఆది', 'ఇంద్ర', 'చెన్నకేశవరెడ్డి', 2003లో 'ఒక్కడు'. ఇప్పటికీ బయటి ఊళ్ళోళ్ళు కొండారెడ్డి బురుజు దగ్గర దిగి ఫోటో తీసుకునేది ఆ సినిమా చూసే. 2018లో 'అరవింద సమేత' వచ్చి, ఈ నరుకుడు ఆపాలి అంది. మంచి మాటే. కానీ అందులో నరికే హక్కు ఏ ఇంటిదో, ఆపే గొప్పతనం కూడా ఆ ఇంటిదే. ఏడ్చే ఆడవాళ్ళు కూడా ఆ ఇళ్ళ ఆడవాళ్ళే. 2023లో 'వీరసింహారెడ్డి'తో మళ్ళీ మొదటికొచ్చాం.

నేను పత్తిత్తునని చెప్పడం లేదు. 1999లో నంద్యాలలో నేల టికెట్టు కొని 'సమరసింహారెడ్డి'కి ఈలలేసిన వాళ్ళలో నేనూ ఉన్నా. చొక్కా విప్పి తిప్పినా. ఇంటికొచ్చి మా జేజికి కథంతా చేతులు ఊపుతూ చెప్పినా. కొన్నేళ్ళ తర్వాత అదే బాపతు సినిమా ఏదో టీవీలో వస్తుంటే ఆమె చెనక్కాయలు ఒలుచుకుంటా కాసేపు చూసి, "ఇంతమంది తింటాండారు, సేద్యం చేసేటోళ్ళు ఒక్కరూ కనపడరేం రా?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు. సుమోలు ఎట్లా గాల్లోకి లేస్తాయో తెలుసుగానీ, ఆ ఇంటి గాదెలోకి జొన్నలు ఎట్లా వచ్చాయో ఏ సినిమా చూపించలేదు.

మా వాడలో ఒక పెద్దనాయన ఉండేవాడు. పేరు రాయను, ఆయన పిల్లలు ఇంకా ఆ ఊళ్ళోనే బతకాల. ఒక పెద్దాయన వెంట తిరిగేవాడు. "వెంట తిరగడం" అంటే మన పక్క తెలియని వాళ్ళు ఉండరు. జీతం ఉండదు. పూట కూడు, పండక్కి బట్టలు, పోలీసులు వస్తే "నేనుండా" అనే ఒక మాట. ఊళ్ళో ఒక చావు జరిగింది. ఆ రోజు మా పెద్దనాయన ఊళ్ళోనే లేడు, పెళ్ళికి పోయినాడు. అయినా లొంగిపొమ్మన్నారు, లొంగిపోయినాడు. ఏళ్ళకేళ్ళు కడప జైల్లో ఉండి వచ్చాడు. పెద్దమ్మ కలుపు తీసి, చెనక్కాయలు పీకి, నలుగురు పిల్లల్ని సాకింది. ఆయన బయటికొచ్చే సరికి ఆ రెండు వర్గాల పెద్దలకు రాజీ అయిపోయింది. ఇద్దరూ ఒకే పార్టీలో ఉన్నారు, ఒకరి ఇంటి పెళ్ళికి ఒకరు పోతున్నారు. మా పెద్దనాయనకు రాజీ ఎవరితో? ఆయన పోగొట్టుకున్న ఏళ్ళను ఏ పంచాయితీలో అడగాల?

ఈ మనిషి మీద ఒక్క ఎపిసోడ్ తీయండి. వేటకొడవలి అక్కర్లేదు, సుమోలు అక్కర్లేదు. జైలు ములాఖత్ గదిలో పెద్దమ్మ తెచ్చిన జొన్నరొట్టె చాలు.

ఫ్యాక్షన్ అంటే సీమ రక్తంలో ఉన్న పౌరుషం అని నమ్మించారు. పాలెగాళ్ళ కాలం నుంచి వస్తోందంటారు. 1800లో నిజాం ఈ జిల్లాలను కంపెనీకి ధారపోశాడు. ఆ తర్వాత మన్రో దొర ఏడేళ్ళలో పాలెగాళ్ళ నడుం విరిచాడు. మనం చూసిన ముఠా కక్షలకు కారణాలు అంత పాతవి కావు. పంచాయతీ పెత్తనం, సారా పాటలు, రోడ్డు కాంట్రాక్టులు, బేతంచెర్ల, బనగానపల్లె, ఎర్రగుంట్ల పక్క నాపరాయి గనులు, మంగంపేట ముగ్గురాయి. డబ్బు ఎక్కడ తేలిగ్గా దొరుకుతుందో అక్కడే బాంబు కూడా పుట్టింది. బాలగోపాల్ లాంటివాళ్ళు ఊరూరా తిరిగి ముఠాల వెనకున్న ఈ ఆర్థికాన్ని ఏనాడో రాసిపెట్టారు. స్క్రిప్టు రైటర్లు చదవరు. ఎందుకంటే పౌరుషం అంటే హీరో ఉంటాడు. కాంట్రాక్టు అంటే లెక్కల పుస్తకం ఉంటుంది, అందులో కూలోడి పేరు, వాడికి ఎగ్గొట్టిన కూలీ కూడా ఉంటాయి.

ఇంకో మాట. సీమలో హింస అంటే ఒక పెద్దిల్లు ఇంకో పెద్దింటితో చేసేదే అన్నట్టు చూపిస్తారు. పాములపాడు మండలం వేంపెంట ఎక్కడుంది? అప్పటి కర్నూలు జిల్లా, ఇప్పుడు నంద్యాల జిల్లా. 1998 జూలైలో అక్కడ దళితులను ఊచకోత కోశారు. కారంచేడు, చుండూరు పేర్లు మనకు కంఠతా వచ్చు, రావాలి కూడా. కానీ మన పక్కనున్న వేంపెంట గురించి కర్నూలు విద్యార్థులనే అడిగితే పదిమందిలో ఎందరు చెప్తారు? 'సమరసింహారెడ్డి' రావడానికి ఆర్నెల్ల ముందు జరిగింది అది. ఆ సినిమా చూస్తూ ఈలలేసిన నాకు వేంపెంట గుర్తే రాలేదు. అందుకే నాకు సినిమా మీద కంటే ముందు నా మీద కోపం.

సరే, రాజకీయాల సిరీసే కావాలి, ముఖ్యమంత్రుల కథే కావాలి అంటారా? రండి, ఇస్తా.

కర్నూలు పక్కనే పెద్దపాడు. 1921లో ఒక మాల ఇంట్లో పుట్టాడు దామోదరం సంజీవయ్య. చిన్ననాడే తండ్రి పోయాడు. అనంతపురంలో, మద్రాసులో చదువుకుని లాయరయ్యాడు. రాజాజీ మంత్రివర్గంలో మంత్రి అయ్యాడు. 1960 జనవరిలో, 38 ఏళ్ళ వయసులో ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి. దేశంలోనే మొట్టమొదటి దళిత ముఖ్యమంత్రి. అనంతపురం నీలం సంజీవరెడ్డి కాంగ్రెస్ అధ్యక్షుడిగా ఢిల్లీకి పోతే ఆ కుర్చీ ఖాళీ అయింది, 1962 మార్చిలో ఆయన తిరిగొస్తే ఈయన దిగాల్సి వచ్చింది. మధ్యలో రెండేళ్ళు. ఆ రెండేళ్ళలోనే వృద్ధాప్య పింఛను, బీదలకు బంజరు భూముల పంపకం, అవినీతి నిరోధక శాఖ. తర్వాత అఖిల భారత కాంగ్రెస్‌కు మొదటి దళిత అధ్యక్షుడు. 1972లో 51 ఏళ్ళకే పోయాడు.

ఒక్కసారి ఆలోచించండి. చుట్టూ భూస్వాముల కాంగ్రెస్. లోపల నమ్మకద్రోహాలు, పైన ఢిల్లీ. కుర్చీలో కూర్చున్నవాడు తనకు ముందూ వెనకా ఒకే మనిషి ఉన్నాడని తెలిసినవాడు. ఏ ఫైలు మీద సంతకం పెట్టాలో, ఎంత తొందరగా పెట్టాలో లెక్కపెట్టుకుంటూ ఉంటాడు. ఇందులో ఉత్కంఠ లేదా? 'మయసభ' కంటే తక్కువా? ఇప్పుడు గోనెగండ్ల పక్క గాజులదిన్నె ప్రాజెక్టుకు సంజీవయ్య సాగర్ అని పేరుంది. జయంతికి పూలదండ పడుతుంది. తెర మీద మాత్రం ఆయన లేడు.

అది పాత కథ అంటారా? ఇప్పటి కథ ఇస్తా. కోడుమూరు, నందికొట్కూరు, బద్వేలు, రైల్వే కోడూరు రిజర్వుడు నియోజకవర్గాలు. మన దిక్కు రిజర్వుడు సీట్లలో వినపడే మాట ఒకటుంది: ఎమ్మెల్యే మనోడు, పెత్తనం వాళ్ళోడిది. సభలో మధ్య కుర్చీ ఎవరిది, శిలాఫలకం మీద పేరు ఎవరిది, తహసీల్దారు బదిలీ మీద ఆఖరి మాట ఎవరిది? గెలిచిన రోజు రాత్రి ఆ ఎమ్మెల్యే ఇంటికొచ్చి భార్యతో ఏం మాట్లాడుకుంటాడు? ఎవరైనా పది ఎపిసోడ్లు తీస్తే నేను రోజూ చూస్తా, డబ్బు కట్టి చూస్తా.

ఇంకా కావాలంటే ఉన్నాయి. తుమ్మలపల్లె యురేనియం చుట్టుపక్కల బోరు నీళ్ళు చూసి భయపడే అరటి రైతులు, కూలోళ్ళు. 2021 నవంబరులో అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి చెయ్యేరు ఒడ్డున పదుల మంది కొట్టుకుపోయిన తెల్లవారుజాము. శ్రీశైలం నీళ్ళలో ఊళ్ళు పోగొట్టుకుని, జీవో 98 కింద ఉద్యోగం వస్తుందని కాగితాలు పట్టుకుని తిరుగుతూ ముసలోళ్ళయిపోయిన నిర్వాసితులు. కోసిగి, మంత్రాలయం పక్క నుంచి ఇంటికి తాళమేసి, పిల్లల బడి మాన్పించి గుంటూరు మిరప చేన్లకు పోయే కుటుంబాలు. ఆదోని పక్క దేవుడి పేరున బసివినిగా వదిలిన మన ఆడబిడ్డలు. 1988లో చట్టమొచ్చినా ఆ పేరు మోస్తూ బతికిన తల్లులు. వీటిలో ఏది సీమ కథ కాదు?

"అదంతా డాక్యుమెంటరీ అన్నా, జనం చూడరు" అని ఒక తమ్ముడు అన్నాడు. ఈ మాట నేనూ చాలా రోజులు నమ్మినా. కానీ పక్క రాష్ట్రం చూడండి. తమిళనాడు దక్షిణాన తిరునల్వేలి పక్క కూడా సినిమాల్లో మీసాలకూ అరివాళ్ళకే పుట్టినిల్లు. 1992లో 'తేవర్ మగన్' ఆ పౌరుషానికి పట్టం కట్టింది. అదే నేల నుంచి వచ్చిన మారి సెల్వరాజ్ 2018లో 'పరియేరుమ్ పెరుమాళ్' తీశాడు. అందులో హీరో లా కాలేజీకి పోయే కుర్రోడు, చేతిలో ఆయుధం లేదు. జనం చూశారు. పా. రంజిత్ అట్లాంటివాళ్ళకు డబ్బు పెట్టే సంస్థ పెట్టాడు. మన దగ్గర కూడా 2020లో కరుణ కుమార్ 'పలాస 1978' తీసి, తెలుగులో సాధ్యమేనని చూపించాడు. అది ఉత్తరాంధ్ర. సీమ వంతు ఇంకా రాలేదు.

టెలివిజన్ సంగతే అయితే ఇంకా పెద్ద సాక్ష్యముంది. సహవాసి తెలుగు చేసిన 'ఏడు తరాలు' మనలో చాలామంది హాస్టల్లోనే చదివాం. అలెక్స్ హేలీ రాసిన ఆ కథనే 1977 జనవరిలో అమెరికాలో ఏబీసీ ఛానెల్ వరసగా ఎనిమిది రాత్రులు వేసింది. కోట్ల మంది కూర్చుని చూశారు, వాళ్ళల్లో ఎక్కువమంది తెల్లవాళ్ళే. ఆ కథలో కుంటా కింటే పేరు మార్చడానికి యజమాని పట్టుబడతాడు, వాడు ఒప్పుకోడు. కొరడా దెబ్బలు తింటాడు. పేరు అంత పెద్ద సంగతి. మన హాస్టల్ తమ్ముడు అడిగింది కూడా అదే కదా.

ఇక మన ఇంటి మాట. వాళ్ళను తిట్టి ఊరుకుంటే ఈ వ్యాసం రాయక్కర్లేదు. మన కుర్రోళ్ళ స్టేటస్‌లు చూడండి. తొడ కొట్టే రీల్స్, "సీమ పౌరుషం" పాటలు. ఏ కొడవలి మన పెద్దనాయనల చేతిలో పెట్టి జైలుకు పంపారో, ఆ కొడవలి బొమ్మ మన బండి నంబరు ప్లేటు మీద. తెర మీద మన బొమ్మ లేదు కాబట్టి వాళ్ళ బొమ్మ వేసుకుంటున్నాం. ఇది మన పిల్లల తప్పని నేను అనను. కానీ ఇరవై ఏళ్ళొచ్చి, అంబేడ్కర్ చదివి, ఇంకా వేసుకుంటే అడుగుతా. ఇంకోటి కూడా చెప్పాల. రేపు మన కథలే తెర మీదికొచ్చినా మాల కథ, మాదిగ కథ అని కొట్టుకుని, వాటిలో ఆడవాళ్ళను మళ్ళీ వంటింటి తలుపు దగ్గరే నిలబెడితే, ఆ సిరీస్ కూడా నిరాశే మిగిలిస్తుంది. ముందే చెప్తున్నా.

బాయ్‌కాట్ అనను. చూడండి. చూసి, ప్రతి ఎపిసోడ్‌కూ ఒక కాగితం మీద మూడు ప్రశ్నలకు జవాబు రాయండి. పేరున్న పాత్రల్లో మన వాడల నుంచి వచ్చినవాళ్ళు ఎందరు? పేరు లేకుండా చచ్చినవాళ్ళు ఎందరు? పొలంలో పని చేస్తూ కనపడినవాళ్ళు ఎందరు? మా జేజి అడిగింది ఆ మూడోదే. రాయలసీమ యూనివర్సిటీలో, యోగి వేమనలో జర్నలిజం, తెలుగు చదివే పిల్లలు ఇదే పని ప్రాజెక్టుగా చేయొచ్చు. పాతికేళ్ళ సినిమాలు, కొత్త సిరీస్‌లు పెట్టుకుని లెక్క తీయండి. కోపం కంటే లెక్కకు ఎక్కువ భయపడతారు.

రెండో పని ఇంకా తొందరది. ఫోన్ అందరి దగ్గరా ఉంది. వాడలో డెబ్భై దాటినవాళ్ళ దగ్గర కూర్చోండి. ఎవరి వెంట తిరిగారు, ఎందుకు తిరిగారు, ఎవరి కేసు ఎవరు మోశారు, ఇంట్లో పొయ్యి ఎట్లా వెలిగింది, అడిగి రికార్డు చేసుకోండి. వాళ్ళ అనుమతి లేకుండా బయట పెట్టొద్దు. ఊళ్ళో బతకాల్సినవాళ్ళు, వాళ్ళ క్షేమం ముందు. మా పెద్దనాయన పోయి నాలుగేళ్ళయింది. నేను అడగాల్సినవి సగం కూడా అడగలేదు.

ఆ హాస్టల్ తమ్ముడు మొన్న ఫోన్ చేశాడు. ఇంకో రెండు రోజులు షూటింగ్‌కు రమ్మన్నారంట. పోవాలా వద్దా అని అడిగాడు. పొమ్మన్నా. డబ్బులు ఏ రోజువి ఆ రోజే తీసుకోమన్నా. చచ్చిపడుకునే సీను అయిపోయాక ఊరికే కూర్చోకుండా కెమెరా వెనక్కి పోయి నిలబడమన్నా. ఎవరు ఏం చేస్తున్నారో, లైటు ఎక్కడ పెడుతున్నారో, స్క్రిప్టు కాగితం ఎట్లా రాసుకున్నారో చూసి రమ్మన్నా.

"చూసి ఏం చేయాలన్నా?" అన్నాడు.

రాసుకో అన్నా. ముందు ఆ కొడవలి పట్టుకున్నవాడికి ఒక పేరు రాసుకో.

వచ్చే వారం డీకేటీ పట్టాల గురించి, ఈసారి తప్పకుండా. కామెంట్లలో మీ ఊరి సంగతులు రాయండి.

జై భీమ్.